ఎన్ని ఎంఎల్? సిరంజిలో తీసి చూపించండి

పిల్లల ఓపీలో మందుల కౌంటర్ వెనక కూర్చోబట్టి నాకు 16 ఏళ్లు. ఫార్మసిస్టుని. డాక్టరుగారు చీటీ రాస్తారు, నేను సీసాలు ఇస్తాను, అమ్మో నాన్నో అమ్మమ్మో ఇంటికి తీసుకెళ్లి తాగిస్తారు. ఇన్ని చేతుల మధ్య ఒక అంకె వేషాలు మార్చుకుంటూ పోతుంది. తూకం మెషీన్ మీద కిలోలుగా పుడుతుంది, డాక్టరు పెన్ను కింద మిల్లీగ్రాములు అవుతుంది, నా దగ్గర ఎంఎల్ అవుతుంది, ఇంటికెళ్లాక చెంచా అవుతుంది. నేను చూసిన పొరపాట్లు చాలావరకు ఈ వేషం మారే చోటే జరిగాయి. పూర్తిగా వేరే మందు వెళ్లిపోవడం తక్కువ. సరైన మందే, సరైన పిల్లకే, తప్పు కొలతలో వెళ్తుంది.

పెద్దవాళ్ల దగ్గర ఇంత గొడవ ఉండదు, మాత్ర అంటే మాత్రే. పిల్లల దగ్గర 4 కిలోల పసిగుడ్డూ 40 కిలోల పిల్లాడూ ఒకే వరసలో కూర్చుంటారు. 0.5 ఎంఎల్ పడాల్సిన చోట 5 ఎంఎల్ పడితే అది పదింతలు. అయినా చూసేవాళ్లకి వింతగా ఏమీ అనిపించదు, ఎందుకంటే 5 ఎంఎల్ సిరప్ అనేది రోజూ కనపడే కొలతే. భయం అక్కడే.

ముందు నా తప్పు చెప్పేస్తాను. కౌంటర్‌లో కొత్తగా చేరిన రోజులు. చీటీలో పారాసెటమాల్ సిరప్ 5 ఎంఎల్ అని ఉంది, స్ట్రెంగ్త్, అంటే 5 ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉండాలో, లేదు. పాప 10 కిలోలు. 5 ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములు ఉండే సీసా అయిపోయింది, పక్కనే 250 ది ఉంది. కౌంటర్ ముందు జనం. నేను ఆ 250 సీసా తీసి, చీటీలో ఉన్నట్టే 5 ఎంఎల్ అని రాసి ఇచ్చేశాను. కిలోకి పన్నెండున్నర మిల్లీగ్రాములు పడాల్సింది 25 పడింది. రెండు డోసులయ్యాక ఆ తల్లి ఫోన్ చేసింది. 'పాత సీసా పక్కన ఇది పెట్టి చూశానండీ, అంకె వేరేగా ఉంది, ఫర్వాలేదా?' అని. ఫర్వాలేదనుకునే విషయం కాదు అది. వెంటనే డాక్టరుగారికి చెప్పాను, మందు ఆపించి పాపను పిలిపించి చూశారు, ఏమీ కాలేదు. నాలుగు పూటల చొప్పున మూడు రోజులు సాగి ఉంటే కథ వేరు. ఆ తల్లి సీసా మీద అంకె చదివింది కాబట్టి నేను బయటపడ్డాను. నేను చదివి ఉంటే ఆమెకి ఫోన్ చేసే పనే ఉండేది కాదు.

తూకం ఈరోజుదై ఉండాలి

పిల్లల మందుకి మొదటి కొలత బరువు. రెండు నెలల కిందటి బరువుతో పసిబిడ్డకి మందు రాస్తే తక్కువ పడుతుంది. వాంతులు విరేచనాలతో చిక్కిపోయిన బిడ్డకి పాత బరువుతో రాస్తే ఎక్కువ పడుతుంది. 'ఎంత ఉంటాడమ్మా?' అని అడిగి రాసుకోవడం మానేయాలి. ప్రతి విజిట్‌లోనూ బూట్లు, బరువైన బట్టలు తీయించి తూచాలి. ఆ అంకె చీటీ పైభాగంలో, కిలోల్లో, తేదీతో ఉండాలి. బరువు లేని చీటీ నా దగ్గరికొస్తే నేను మందు ఇవ్వను, తూకానికి పంపిస్తాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

మెషీన్లతో ఒక చిక్కుంది. డిజిటల్ తూకాల్లో చాలావాటికి కిలోలూ పౌండ్లూ మార్చే బటన్ ఉంటుంది. ఎవరి చెయ్యో తగిలి అది పౌండ్లకి మారితే 10 కిలోల బిడ్డ 22 అని చూపిస్తుంది. ఏడాది బిడ్డ అయితే 'ఇదేంటి' అని ఆగుతాం. అదే మూడేళ్ల పిల్ల 13 బదులు 28 చూపిస్తే హడావుడిలో రాసేస్తాం. ఆ బటన్ మీద ప్లాస్టర్ వేసి అతికించడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు. కొన్ని మెషీన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి పౌండ్లు పూర్తిగా తీసేయొచ్చు, వీలుంటే అదే చేయండి.

ఇంట్లో వాళ్లు చేయాల్సింది చిన్న పని. ఆ అంకె గుర్తుపెట్టుకోవడం. పారాసెటమాల్ వరకు మీరే సరిచూసుకోవచ్చు. ఒక డోసుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోలుంటే 100 నుంచి 150. సీసా మీద చూసి, మీరు తాగించే ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో లెక్కేసుకోండి. 150 దాటితే తాగించే ముందే ఫోన్ చేసి అడగండి. బాగా బరువున్న పెద్ద పిల్లలకి మాత్రం గుణకారం గుడ్డిగా పనికిరాదు. 80 కిలోలున్న పిల్లాడికి 15 చొప్పున 1200 వస్తుంది, పెద్దవాళ్లకే ఒకసారికి 1000 దాటి ఇవ్వరు. లెక్క ఏం చెప్పినా పెద్దల డోసు దగ్గర ఆగాలి.

చీటీలో ఏముండాలి

రాసేవాళ్లకి ఒక మాట. మందు పేరు, సీసా స్ట్రెంగ్త్, డోసు మిల్లీగ్రాముల్లో, అదే డోసు ఎంఎల్‌లో, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, దేనికి. ఇవన్నీ ఉంటేనే నేను లెక్కను వెనక్కి చేసి చూడగలను. ఉత్త '5 ఎంఎల్' అంటే నాకు ఏమీ చెప్పనట్టే, పైన నా కథే సాక్ష్యం. 'దేనికి' అన్నది చాలామంది వదిలేస్తారు. చెవిపోటుకి అని రాసి ఉంటే, పేరు పోలిన వేరే మందు నా చేతికొచ్చినప్పుడు నాకే అనుమానం వస్తుంది.

సున్నాల దగ్గర పట్టుదలగా ఉండండి. ఒకటి కంటే తక్కువైతే ముందు సున్నా పెట్టాల్సిందే, 0.5 అని. ఉత్త చుక్క పెట్టి 5 రాస్తే ఆ చుక్క కాగితం మడతలో పోతుంది, 5 మిగులుతుంది. పూర్తి అంకె తర్వాత చుక్కా సున్నా అస్సలు వద్దు, 1.0 ని 10 అని చదివినవాళ్లను చూశాను. మైక్రోగ్రాములని పొట్టి అక్షరాల్లో రాయొద్దు. థైరాయిడ్ మందు పిల్లలకి మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మిల్లీగ్రాము అంటే దానికి వెయ్యింతలు. నాలుగు అక్షరాలు ఎక్కువ రాస్తే పోయేదేమీ లేదు.

ఇంకోటి. సిరంజిలో గీత లేని డోసు రాయకండి. 2.37 ఎంఎల్ అని కంప్యూటర్ లెక్కకట్టి ఇస్తుంది, ఏ ఇంట్లో ఎవరు కొలుస్తారు దాన్ని? మా దగ్గరున్న 5 ఎంఎల్ సిరంజిలో గీతకీ గీతకీ మధ్య 0.2. అంటే మనం రోజూ రాసే 2.5 కి కూడా దాంట్లో గీత లేదు, 2.4 కీ 2.6 కీ మధ్య గాల్లో ఉంటుంది. అలాంటప్పుడు నేను డాక్టరుగారికి ఫోన్ చేసి 2.4 చేయమంటారా అని అడుగుతాను. మామూలు మందులకి ఆ మాత్రం తేడా లెక్కలోది కాదు. గుండె మందులు, ఫిట్స్ మందుల్లాంటివైతే డోసు సర్దను, సన్న గీతలున్న సిరంజి వెతికి ఇస్తాను.

ఒకే పేరు, వేర్వేరు సీసాలు

పారాసెటమాల్ ఒక్కటే తీసుకోండి. చుక్కల మందు కొన్ని రకాల్లో 1 ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు. సిరప్ ఒకటి 5 ఎంఎల్‌కి 125, అంటే 1 ఎంఎల్‌కి 25. అదే పేరు, అట్ట మీద అదే బొమ్మ, నాలుగింతల తేడా. చంటిపిల్లలకి ఇచ్చే చిన్న సీసాలో మందు పలచగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజం తలకిందులు. పసిబిడ్డ ఎక్కువ మింగలేదు కాబట్టి చిన్న సీసాలోనే మందు చిక్కగా ఉంటుంది. చెల్లికి తెచ్చిన డ్రాప్స్ అన్నయ్యకి సిరప్ లెక్కన తాగించడం, ఈ ఒక్క పొరపాటు నేను ఎన్నిసార్లు విన్నానో. అమెరికాలో 2011లో తయారీదారులు ఆ చిక్కటి చుక్కల మందు ఆపేసి, పసిపిల్లలకీ పెద్దపిల్లలకీ ఒకటే, 5 ఎంఎల్‌కి 160 మిల్లీగ్రాములు అన్న కొలతకి రావడం ఈ గందరగోళం వల్లే. అన్నిచోట్లా అలా జరగలేదు కాబట్టి చదువుకోవడం తప్పదు.

డ్రాపర్ ఏ సీసాలో వస్తే ఆ సీసాకే. విటమిన్ డి చుక్కల్లో పసిబిడ్డకి రోజుకి చెప్పేది మామూలుగా 400 యూనిట్లు. కొన్ని సీసాల డ్రాపర్లు అంతకంటే ఎక్కువ పట్టేలా ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. డ్రాపర్ నిండా అని కాదు, డ్రాపర్ మీద ఫలానా గీత దాకా అని చెప్పాలి. ఇదే విటమిన్ డి వారానికి ఒకసారి వేసే పెద్ద డోసుల్లోనూ దొరుకుతుంది. వారానికి ఒకసారిదాన్ని రోజూ వేసుకున్న ఇళ్లున్నాయి. వారానికోసారి మందు ఏదైనా సరే, కీళ్లవాతం ఉన్న పిల్లలకిచ్చే మెథోట్రెక్సేట్‌తో సహా, నేను సీసా మీద వారం పేరే రాస్తాను, 'ఆదివారం మాత్రమే' అని. 'వీక్లీ' అని రాస్తే కంటికి ఆనదు.

చెంచా సంగతి

ఇంట్లో చెంచాలు తీసి ఒక్కొక్కదాన్లో సిరంజితో నీళ్లు పోసి చూడండి. ఒకటి 3 ఎంఎల్‌కే నిండుతుంది, ఇంకోటి 7 పడుతుంది. 'టీస్పూన్' అంటే 5 ఎంఎల్ అన్నది కాగితం మీది మాట. దానికి తోడు టీస్పూన్, టేబుల్ స్పూన్ తేడా. రెండోది 15 ఎంఎల్, మూడింతలు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో, పిల్లల ద్రవ మందులన్నీ ఎంఎల్‌లోనే రాయాలి, స్పూన్ అనే మాటే వద్దు అని తేల్చి చెప్పింది. నేను 'స్పూన్' అనే మాట నోట్లోంచి తీసేయడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది.

మూతలో కొలవడం కూడా చిన్న డోసులకి పనికిరాదు. 10 ఎంఎల్ అయితే సరే. 2 ఎంఎల్ మూత అడుగున పరుచుకుంటుంది, గీత ఎక్కడో కనపడదు, సగం మూతకే అంటుకుంటుంది. నోటి మందు సిరంజి వాడండి, సూది ఉండనిది, మొన మొద్దుగా ఉండేది. ఇంజెక్షన్ సిరంజి తప్పక వాడాల్సి వస్తే మొన మీది చిన్న టోపీ తీసి చెత్తబుట్టలో పారేశాకే మందు లోపలికి లాగండి. ఆ టోపీతోనే నోట్లో పెట్టి నొక్కితే అది ఊడి బిడ్డ గొంతులో పడొచ్చు.

మొన్నొక అమ్మమ్మగారు వచ్చారు, మనవరాలికి యాంటీబయాటిక్. డోసు 2.4 ఎంఎల్. కూతురు ఉద్యోగానికి వెళ్తుంది, పగలు తాగించేది ఈవిడే. అంతా చెప్పాక 'అర్థమైందా' అని నేను అడగను. ఎవరైనా 'ఆ' అనే అంటారు. సిరంజి, నీళ్ల గ్లాసు ముందు పెట్టి, 'అమ్మమ్మగారూ, ఇంటికెళ్లాక ఎలా తీస్తారో ఒకసారి చూపించండి, నేను సరిగా చెప్పానో లేదో నాకు తెలియాలి' అంటాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, సిరంజి నిలువుగా పట్టుకుని, 2 దాకా లాగింది. తర్వాత వేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీతలు లెక్కపెట్టి ఆపింది. 'రెండూ పాయింటు నాలుగు కదమ్మాయ్' అంది. చాలా సరైన ఆలోచన, తప్పు జవాబు. గీత ఒక్కోటీ 0.2 కాబట్టి నాలుగు గీతలంటే 2.8 అయింది. చదువుకున్న కుర్రాడైనా అదే చేస్తాడు. సన్న పర్మనెంట్ మార్కర్‌తో 2.4 దగ్గర సిరంజి చుట్టూ గీత గీసిచ్చాను. మళ్లీ తీసి చూపించమన్నాను. రెండోసారి రబ్బరు ముందు అంచు, అంటే మందుకి తగిలే అంచు, సరిగ్గా నా గీత మీద ఆగింది. మొదటిసారి వెనక అంచుని కూడా చూసి 'ఇదా, ఇదా' అని అడిగింది. అది అడగదగ్గ ప్రశ్నే, రెండు అంచుల మధ్య దాదాపు ఒక ఎంఎల్ తేడా రావొచ్చు.

ఈ మొత్తానికి రెండు నిమిషాలు పట్టింది. వెనక నిలబడ్డాయన గడియారం చూసుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన చేతా తీయించాను.

సిరంజిలో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది. మొన పైకి పట్టుకుని వేలితో తట్టి, బుడగ పైకొచ్చాక మెల్లగా నొక్కి బయటికి పంపి, తగ్గినంత మళ్లీ లాగాలి. బిడ్డను కూర్చోబెట్టి, మొన బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదలాలి. నేరుగా గొంతులోకి కొడితే పొలమారుతుంది. ముక్కు మూసి తాగించే అలవాటు ఉంటే మానేయండి.

మందు నిండు పాలసీసాలో కలపొద్దు. బిడ్డ సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు.

డ్రై సిరప్

పొడి ఉన్న సీసాలో నీళ్లు పోసి కలిపే యాంటీబయాటిక్‌ని వీలైనంత వరకు కౌంటర్ దగ్గరే కలిపి ఇచ్చేయాలి. ఇంటికి పొడిగా పంపిస్తే ఏమవుతుందో నా దగ్గర చిన్న సంకలనమే ఉంది. పొడిని చెంచాతో తీసి నీళ్లలో కలిపి తాగించినవాళ్లున్నారు. ఒకాయనైతే రోజూ డోసు తీశాక సీసాలో మళ్లీ గీత దాకా నీళ్లు పోశాడు. 'గీత దాకా నీళ్లుండాలన్నారు కదండీ' అని అడిగాడు. అన్నాను నిజమే. ఒక్కసారే అని అనలేదు. మూడో రోజుకి ఆ బిడ్డ తాగుతున్నది రంగు నీళ్లు.

ఇంట్లో కలపాల్సి వస్తే ఇలా. ముందు మూత తీయకుండా సీసాను తట్టి గడ్డకట్టిన పొడిని విడగొట్టండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు గానీ, అట్టపెట్టెలో సీసాతో పాటు వచ్చిన నీళ్లు గానీ సగం పోసి గట్టిగా ఊపండి. నురగ వస్తుంది. నురగను చూసి గీత దాకా వచ్చిందనుకుంటే నీళ్లు తక్కువై మందు చిక్కగా అవుతుంది. నురగ దిగేదాకా ఆగి, మిగతా నీళ్లు గీత దాకా పోసి మళ్లీ ఊపండి. కలిపిన తేదీ సీసా మీద రాయండి. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందైతే ఫ్రిజ్‌లో పెట్టి 7 రోజుల్లో వాడి, మిగిలింది పారేయాలి. మిగతావాటికి లేబుల్ చూడండి, ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి ఫ్రిజ్ అవసరం లేదు.

తాగించే ప్రతిసారీ ఊపాలి. ఇది యాంటీబయాటిక్‌కే కాదు. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ సిరప్ ఊపకుండా వాడితే మందంతా అడుక్కి చేరుతుంది. మొదటి వారం మందు చాలక ఫిట్స్ వస్తాయి, సీసా చివరికొచ్చేసరికి ఎక్కువై పిల్లాడు తూలుతూ నడుస్తాడు. డాక్టరేమో డోసు మార్చాలా అని తల పట్టుకుంటారు. తప్పు డోసులో ఉండదు, సీసా ఊపకపోవడంలో ఉంటుంది.

ఇద్దరు ఇచ్చిన డోసు

అమెరికాలో పాయిజన్ సెంటర్లకి, అంటే విషం, మందు పొరపాట్ల మీద ఫోన్‌లో సలహా ఇచ్చే కేంద్రాలకి, 2002 నుంచి 2012 దాకా వచ్చిన ఫోన్లు లెక్కేస్తే, ఆసుపత్రి బయట ఆరేళ్లలోపు పిల్లలకి మందు పొరపాటు సగటున 8 నిమిషాలకొకటి. అందులో నాలుగో వంతుకి పైగా ఒకే రకం, వేసిన మందే మళ్లీ వేయడం. అమ్మ వేసి వంటగదిలోకి వెళ్తుంది, నాన్న వచ్చి 'జ్వరం తగ్గలేదే' అని మళ్లీ వేస్తాడు. ఇద్దరికీ బిడ్డ మీద ప్రేమే, కాగితం మీద మాత్రం ఏమీ లేదు.

సీసాకి రబ్బరు బ్యాండుతో ఒక కాగితం కట్టండి. తేదీ, టైము, ఎన్ని ఎంఎల్, ఎవరు వేశారు. తాగించిన చేత్తోనే రాయాలి, తర్వాత రాద్దాంలే అంటే రాయరు. పారాసెటమాల్‌కి డోసుకీ డోసుకీ కనీసం 4 గంటలు, 24 గంటల్లో నాలుగు డోసులు దాటొద్దు. ఆ కాగితం చూస్తే నాలుగు అయ్యాయో లేదో తెలుస్తుంది, జ్వరంతో నిద్రలేని తలకి గుర్తుండదు.

రెట్టింపు ఇంకో దారిలోనూ వస్తుంది. జలుబు సిరప్‌లో పారాసెటమాల్ ఉంటుంది, జ్వరం సిరప్ పారాసెటమాలే, పేర్లు మాత్రం వేరు. నేను రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, పెద్ద అక్షరాల పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపిస్తాను. ఆ చిన్న అక్షరాలే మందు. 'ఇంట్లో ఇంకేం వేస్తున్నారు?' అని అడిగినప్పుడు సిగ్గుపడకుండా అన్నీ చెప్పండి, పక్కింటివాళ్లిచ్చిందీ, మూలికల పొడీ, పోయిన నెల మిగిలిందీ. వీలుంటే సంచిలో వేసి తెచ్చేయండి.

అన్నదమ్ములిద్దరికీ ఒకే రోజు చూపిస్తే మాకూ మీకూ పరీక్షే. నేను ఇద్దరి మందులూ ఒక సంచిలో వేయను. ప్రతి సీసా మీదా బిడ్డ పేరు రాస్తాను. పేరు పిలిచేటప్పుడు 'ఫలానా బాబేనా?' అని అడగను, అలసిపోయిన నాన్న దేనికైనా తలూపుతాడు. 'బాబు పేరు, వయసు చెప్పండి' అంటాను.

పెద్దవాళ్ల మాత్రలో ముక్క

'నాకు పనిచేసింది కదా, పావు ముక్క వేద్దాం' అన్నది మానుకోవాలి. పిల్లలు చిన్న సైజు పెద్దలు కాదు. ఆస్పిరిన్ పిల్లలకి జ్వరానికి వాడరు, వైరల్ జ్వరాల్లో రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బుకి దారితీయొచ్చు. కోడీన్ ఉన్న దగ్గు మందు, నొప్పి మందు 12 ఏళ్లలోపు వాడకూడదని ఎఫ్‌డీఏ 2017లో తేల్చింది. కొందరి శరీరం దాన్ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఊపిరి మందగిస్తుంది. ఎవరి శరీరం అలాంటిదో చూస్తే తెలియదు. ఐబుప్రొఫెన్ ఆరు నెలల లోపు బిడ్డకి డాక్టరు చెప్పకుండా వద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. ముక్కు చుక్కల్లో కూడా పెద్దలవి, పిల్లలవి వేరు. జైలోమెటాజోలిన్ పెద్దలది 0.1 శాతం, పిల్లలది 0.05 శాతం.

ఓఆర్ఎస్ మందు కాదన్నట్టు చూస్తారు, అదీ మందే. లీటరు ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఒంట్లో ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్యాకెట్ మీద ఎన్ని ఎంఎల్ అని రాసి ఉంటే అన్ని నీళ్లలో, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ సగం నీళ్లు అనే లెక్క వద్దు, పొడి సమానంగా విడదు.

కౌంటర్ ఇవతల మేము చేసేది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'మెడికేషన్ వితౌట్ హార్మ్' (హాని లేని మందుల వాడకం) అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు చోట్ల జాగ్రత్త పడమంది. ప్రమాదం ఎక్కువున్న సందర్భాలు, ఒకేసారి చాలా మందులు వాడటం, రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయం. పిల్లల ఓపీలో ఈ మూడోది రోజుకి వందసార్లు జరుగుతుంది, ప్రతి బిడ్డా మా చేతుల్లోంచి ఇంటికి మారుతుంది. అందుకే మేం పెట్టుకున్న పద్ధతులు ఇంతే. పేర్లు పోలిన సీసాలు పక్కపక్క అరల్లో పెట్టం. 125, 250 సీసాలైతే వేర్వేరు గోడలకే పెట్టాం, కారణం మీకు తెలుసు. ఏడాదిలోపు బిడ్డ మందు, ఫిట్స్ మందు, గుండె మందు అయితే ఇద్దరం విడివిడిగా లెక్కకట్టి, ఆ తర్వాతే జవాబులు కలుపుకుంటాం. ఒకరి లెక్క చూస్తూ ఇంకొకరు 'సరే' అంటే అది రెండో లెక్క కాదు. నేను లెక్కలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే చెయ్యెత్తుతాను, పలకను. మొదట్లో పొగరనుకున్నారు.

పొరపాటు జరిగితే పుస్తకంలో రాస్తాం, చేసినవాళ్ల పేరు రాయం. పేరు రాసిన రోజుల్లో ఆ పుస్తకం ఖాళీగా ఉండేది.

ఎక్కువ పడిందని తెలిస్తే

బిడ్డ బాగానే ఆడుకుంటోంది కదా అని ఆగకండి. పారాసెటమాల్ బాగా ఎక్కువైనా మొదటి రోజు పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. దాని విరుగుడు మందు మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. వాంతి చేయించడానికి గొంతులో వేలు పెట్టొద్దు, ఉప్పు నీళ్లు తాగించొద్దు. బిడ్డ లేవకపోతే, ఊపిరి తేడాగా ఉంటే, ఫిట్స్ వస్తే ఫోన్లు కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

డోసు తాగిన కాసేపటికే వాంతి చేసుకుంటే మీ అంతట మీరు మళ్లీ వేయకండి, ఎన్ని నిమిషాలైందో చూసి అడగండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండింతలు వేయకండి.

ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో పట్టుకోండి. బిడ్డ బరువు, సీసా మీది మందు పేరు, 5 ఎంఎల్‌కి ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె, ఎన్ని ఎంఎల్ వేశారు, ఎన్ని గంటలకి. ఇవి ముందు చెప్పండి, ఎవరు వేశారన్న గొడవ తర్వాత. ఆసుపత్రికి వెళ్తే సీసా, సిరంజి రెండూ వెంట తీసుకెళ్లండి. సిరంజి కూడానా అంటారేమో. దేంతో కొలిచారో చూస్తేనే ఎంత పడిందో మాకు తెలుస్తుంది.